ఎంఎస్ మందులు అందరికీ ఒకేలా ఎందుకు పడవు? జన్యువులు, దుష్ప్రభావాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి మెదడును, వెన్నుపామును దెబ్బతీసే జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్). అది ఉన్నవాళ్లు, వాళ్లను కనిపెట్టుకుని ఉండే ఇంటివాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులివి. జన్యు పరీక్షల పేరుతో ఇవాళ చాలా అమ్ముతున్నారు. ఎంఎస్ రోగికి ఇప్పటికిప్పుడు నిజంగా పనికొచ్చేవి మాత్రం మూడే: సిపోనిమోడ్, అజాథయోప్రిన్, కార్బమజెపిన్ మందులకు ముందు చేసేవి. వాటిలో రెండు ఖరీదైన కొత్త మందుల కోసం కాదు, మన డాక్టర్లు ఏళ్ల తరబడి రాస్తున్న పాత, చవక మందుల కోసం. ఇక్కడ చదివినదాన్ని బట్టి ఏ మందూ సొంతంగా ఆపకండి. కొన్ని ఎంఎస్ మందులను హఠాత్తుగా ఆపితే జబ్బు మునుపటికంటే తీవ్రంగా తిరగబెడుతుంది.

ఒకే మందు, ఒకే డోసు. ఒకరికి బాగానే ఉంటుంది, ఇంకొకరికి పడదు. ఎందుకని?

ముఖ్యంగా రెండు కారణాలు. మొదటిది, మందును విరగ్గొట్టి బయటికి పంపే ఎంజైములు అందరిలో ఒకే వేగంతో పనిచేయవు. చెరువుకు తూము ఎలాగో మందుకు ఎంజైము అలాగ. వచ్చిన నీరు వచ్చినట్టు పోతుంటే కట్టకు భయం లేదు. తూము పుట్టుకతోనే ఇరుకైతే మామూలు వానకే చెరువు నిండిపోతుంది. అలాంటివారికి అందరికీ ఇచ్చే డోసే ఎక్కువ డోసు అవుతుంది. ఇక్కడ డోసు తగ్గించడం ఒక పరిష్కారం.

రెండోది రోగనిరోధక వ్యవస్థ. మన కణాల పైన హెచ్‌ఎల్‌ఏ అనే ప్రోటీన్లు ఉంటాయి. ఏది మనది, ఏది పరాయిది అని తెల్ల కణాలకు చూపించేది ఇవే. కొన్ని రకాల హెచ్‌ఎల్‌ఏ ఉన్నవారిలో ఫలానా మందు వాటికి అతుక్కుని పరాయి వస్తువులా కనిపిస్తుంది. ఒళ్లు తన చర్మం మీద తానే దాడికి దిగుతుంది. ఇక్కడ డోసు తగ్గించినా లాభం లేదు, ఆ మందే వాడకూడదు.

వయసు, బరువు, కిడ్నీల పనితీరు, పక్కన వాడే ఇతర మందులు, మద్యం కూడా లెక్కలోకి వస్తాయి. చాలా దుష్ప్రభావాలకు జన్యువు ఒక్కటే కారణం కాదు.

నాకు ఎంఎస్ తెచ్చిన జన్యువులూ, మందు పడకుండా చేసే జన్యువులూ ఒకటేనా?

కాదు. ఎంఎస్ ముప్పును పెంచే జన్యు తేడాలు రెండు వందలకు పైగా తెలుసు. వాటిలో బలమైనది హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1*15:01. అవి మీకు ఏ మందు పడదో చెప్పవు. మందును విరగ్గొట్టే ఎంజైముల జన్యువులు జబ్బు ఉన్నవారిలో, లేనివారిలో ఒకేలా ఉంటాయి. మీ అన్నకు ఎంఎస్ లేకపోయినా మీలో ఉన్న ఎంజైము తేడా ఆయనలోనూ ఉండొచ్చు.

మొదలుపెట్టే ముందు జన్యు పరీక్ష తప్పనిసరి అయిన ఎంఎస్ మందు ఏది?

సిపోనిమోడ్. జబ్బు గతిని మార్చే ఎంఎస్ మందుల్లో ఈ షరతు ఉన్నది దీనికే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 మార్చిలో అనుమతి ఇచ్చినప్పుడే, సీవైపీ2సీ9 జన్యు పరీక్ష చేశాకే మందు రాయాలని లేబుల్‌లో పెట్టింది. యూరప్‌లోనూ అదే నియమం.

సిపోనిమోడ్‌లో ఎక్కువ భాగాన్ని, దాదాపు ఐదింట నాలుగు వంతులను, కాలేయంలోని సీవైపీ2సీ9 ఎంజైమే విరగ్గొడుతుంది. ఈ జన్యువు మనకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. మామూలుగా పనిచేసేదాన్ని స్టార్ 1 అంటారు. కాస్త నెమ్మదైనది స్టార్ 2. బాగా నెమ్మదైనది స్టార్ 3. రెండూ స్టార్ 3 అయితే మందు బయటికి పోయే వేగం సుమారు 74 శాతం తగ్గుతుంది. అంటే అదే మాత్రతో రక్తంలో మందు దాదాపు నాలుగింతలు పేరుకుంటుంది. సిపోనిమోడ్‌కు గుండె వేగం తగ్గించే గుణం, రక్తపోటు పెంచే గుణం, లింఫోసైట్లనే తెల్ల కణాలను రక్తంలోంచి తప్పించే గుణం ఉన్నాయి. కంటి రెటినా మధ్యభాగమైన మాక్యులాలో నీరు చేరే ముప్పూ ఉంది. నాలుగింతల మందుతో ఇవి ఎక్కడికి దారితీస్తాయో ఎవరూ రోగి మీద ప్రయోగించి చూడలేదు. ఈ మందు మీద 1651 మందితో జరిగిన ఎక్స్‌పాండ్ ట్రయల్‌లో రెండు స్టార్ 3లు ఉన్నవారిని తీసుకోనే లేదు.

అందుకే నియమం ఇలా ఉంది. స్టార్ 3/స్టార్ 3 వారికి ఈ మందు నిషిద్ధం. స్టార్ 1/స్టార్ 3, స్టార్ 2/స్టార్ 3 వారికి రోజుకు 1 మిల్లీగ్రాము. మిగతావారికి 2 మిల్లీగ్రాములు. అందరికీ మొదలు 0.25 మిల్లీగ్రాములతోనే, కొద్దికొద్దిగా పెంచుకుంటూ వెళ్తారు.

ఈ స్టార్ 3 మన తెలుగువాళ్లలో ఎంతమందిలో ఉంటుంది?

2015లో పూర్తయిన వెయ్యి జన్యుపటాల ప్రాజెక్టు కోసం ప్రపంచంలో 26 జనసమూహాల నుంచి నమూనాలు తీసుకున్నారు. అందులో ఒకటి బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్లది. పంజాబీ, గుజరాతీ, బెంగాలీ, శ్రీలంక తమిళ సమూహాలతో కలిపి చూస్తే దక్షిణాసియావారి జన్యు కాపీల్లో స్టార్ 3 వాటా దాదాపు 11 శాతం. యూరప్ మూలాలవారిలో 7 శాతమే. స్టార్ 2 దీనికి సరిగ్గా ఎదురు, అక్కడ 12 శాతం, మన దగ్గర 3, 4 శాతం.

ఈ లెక్కన మందు అసలు వాడకూడనివారు, అంటే రెండు స్టార్ 3లు ఉన్నవారు, మనలో వందకు ఒకరికి మించి ఉంటారు. యూరప్ లెక్కల్లో వెయ్యికి ముగ్గురు, నలుగురు అని కనిపిస్తుంది. ఆ అంకె చూసి "అరుదే కదా" అనుకోవడం మన విషయంలో తప్పు.

దీనికి మేనరికాన్ని కూడా కలపాలి. మేనబావ, మేనమరదలు పెళ్లి చేసుకుంటే వాళ్ల పిల్లలకు ఇద్దరి వైపు నుంచీ ఒకే తాత జన్యువు వచ్చే అవకాశం పెరుగుతుంది. 11 శాతం వాటాతో లెక్క కడితే, మామూలు పెళ్లిలో 1.2 శాతంగా ఉన్న అవకాశం మేనరికం పిల్లల్లో 1.8 శాతానికి చేరుతుంది. మీ అమ్మానాన్నలది మేనరికమైతే డాక్టర్‌కు ఆ మాట చెప్పండి. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు, వైద్యానికి పనికొచ్చే సమాచారం.

నాకు అజాథయోప్రిన్ రాశారు. దానికి జన్యు పరీక్ష అవసరమా?

నన్నడిగితే, మన రాష్ట్రాల్లో ఎంఎస్ రోగికి అన్నిటికంటే ముందు చేయించాల్సిన పరీక్ష ఇదే.

అజాథయోప్రిన్ పాత మందు, చవక మందు. కొత్త ఇంజెక్షన్లు కొనలేని కుటుంబాలకు ఎన్నో ఏళ్లుగా ఇదే ఆధారం. ఎంఎస్‌ను పోలిన ఎన్ఎంఓ (న్యూరోమైలైటిస్ ఆప్టికా) జబ్బుకూ విరివిగా వాడతారు. దీని పెద్ద చిక్కు తెల్ల రక్తకణాలు పడిపోవడం. ఆ పడిపోవడం కొందరిలో మెల్లగా, కొద్దిగా జరుగుతుంది. ఇంకొందరిలో మందు మొదలైన మూడు నాలుగు వారాల్లోనే కణాలు ప్రమాదకర స్థాయికి వస్తాయి, జ్వరం, న్యుమోనియా, సెప్సిస్ దాకా వెళ్తుంది.

ఎవరికి ఇలా జరుగుతుందో ముందే చెప్పగల జన్యువులు రెండున్నాయి. టీపీఎంటీ గురించి 1980ల నుంచీ తెలుసు. యూరప్, అమెరికాల్లో అజాథయోప్రిన్‌కు ముందు దాన్ని చూడటం అలవాటుగా మారింది. అయితే ఆసియా దేశాల్లో టీపీఎంటీ మామూలుగా ఉన్నవారికి కూడా కణాలు పడిపోతుండేవి. కారణం 2014లో దొరికింది. కొరియాలో క్రాన్స్ అనే పేగు జబ్బు రోగులను పరిశీలించిన శాస్త్రవేత్తలు ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో సీ415టీ అనే తేడాను పట్టుకున్నారు. యూరప్ మూలాలవారిలో అది దాదాపు కనిపించదు. దక్షిణాసియాలో దాని వాటా సుమారు 7 శాతం. అంటే వందలో 13 మందిలో ఒక కాపీ ఉంటుంది. వెయ్యిలో అయిదుగురిలో రెండు కాపీలూ ఉంటాయి. మేనరికం పిల్లల్లో రెండు కాపీల అవకాశం దాదాపు రెట్టింపు, మేనమామను చేసుకున్న తల్లి పిల్లల్లో అంతకంటే ఎక్కువ.

దీనికి మన దగ్గరే గట్టి ఆధారం ఉంది. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ డాక్టర్లు 1014 మంది పేగు జబ్బు రోగులను గమనించి 2020లో ఫలితాలు ప్రచురించారు. కణాలు పడిపోవడాన్ని ముందే చెప్పడంలో టీపీఎంటీ కంటే ఎన్‌యూడీటీ15 మెరుగని తేలింది. జబ్బు వేరైనా మందు అదే, విరిచే దారి అదే. పేగు జబ్బు డాక్టర్లు నేర్చుకున్న ఈ పాఠం న్యూరాలజీ ఓపీకి ఇంకా సరిగ్గా చేరలేదన్నది నా బాధ.

రెండు కాపీలు ఉంటే అజాథయోప్రిన్ మానేసి వేరే మందు చూడమని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒక కాపీ ఉంటే తక్కువ డోసుతో మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూసుకుంటూ మెల్లగా పెంచుతారు.

టీపీఎంటీ నార్మల్ అని రిపోర్టు వచ్చింది. సరిపోతుందా?

సరిపోదు. రిపోర్టులో ఎన్‌యూడీటీ15 అన్న పేరుందో లేదో వెతకండి. లేకపోతే ఆ పరీక్ష మన జనాభాకు సగం కూడా కాదు. ఇతర దేశాల జనాభా కోసం తయారైన పాత ప్యానెళ్లలో టీపీఎంటీ ఒక్కటే ఉంటుంది.

ఇంకొక విషయం. టీపీఎంటీని రెండు రకాలుగా చూడొచ్చు, జన్యువును చదవడం ఒకటి, ఎర్ర రక్తకణాల్లో ఎంజైము పనితీరును కొలవడం ఇంకొకటి. ఈమధ్య మీకు రక్తం ఎక్కించి ఉంటే రెండో రకం తప్పుడు ఫలితం ఇస్తుంది, ఎందుకంటే కొలిచేది దాత కణాలను కూడా. ఆ విషయం ల్యాబ్‌కు చెప్పండి.

అజాథయోప్రిన్ మొదలుపెట్టాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది. నూనె మార్చాలా?

నూనె సంగతి తర్వాత. ఆ రోజే సీబీపీ (రక్తకణాల లెక్క) చేయించి డాక్టర్‌కు చూపించండి. ఎన్‌యూడీటీ15 తేడా రెండు కాపీలూ ఉన్నవారిలో మొదటి కొన్ని వారాల్లోనే జుట్టు విపరీతంగా రాలుతుంది. అదే సమయంలో తెల్ల కణాలూ పడిపోతుంటాయి. కంటికి కనిపించే హెచ్చరిక ఇది.

గౌట్‌కు అల్లోప్యూరినాల్ వాడుతుంటే అదీ చెప్పాలి. అది అజాథయోప్రిన్ విరిగే ఒక దారిని మూసేస్తుంది. జన్యువులు బాగున్నవారికి కూడా ఈ రెండూ కలిస్తే కణాలు పడిపోతాయి.

ఇంటర్‌ఫెరాన్ వేసుకున్న రాత్రి చలిజ్వరం వస్తోంది. ఇదీ జన్యువేనా?

ఆ జ్వరం మందు పనితీరులో భాగమే. చాలామందికి వస్తుంది, కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది. దానికి పరీక్ష అక్కర్లేదు.

ఇంటర్‌ఫెరాన్ వల్ల కాలేయం దెబ్బతినడం వేరే విషయం. కొద్దిమందిలోనే తీవ్రంగా ఉంటుంది. కెనడా ఎంఎస్ రోగుల్లో మొదలైన ఒక అధ్యయనం 2018లో ఐఆర్‌ఎఫ్6 జన్యువు దగ్గర ఒక తేడాకు, ఈ కాలేయ సమస్యకు సంబంధం ఉందని చూపింది. వేరే రోగుల సమూహంలోనూ అదే కనిపించింది. ఇంత బలమైన ఆధారం ఎంఎస్ దుష్ప్రభావాల్లో అరుదు. అయినా ఓపీలో ఈ పరీక్ష ఇంకా అలవాటు కాలేదు. మొదటి ఏడాది క్రమం తప్పకుండా ఎల్ఎఫ్‌టీ (కాలేయం పనితీరు పరీక్ష) చేయించుకోవడమే ఇవాళ్టి రక్షణ.

కొందరిలో ఇంటర్‌ఫెరాన్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారై మందు పనిచేయడం మానేస్తుంది. దానికీ హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1 రకాలకూ సంబంధం దొరికింది. అది మందు పడకపోవడం కాదు, మందు వృథా కావడం.

ఎల్ఎఫ్‌టీ పెరిగితే తప్పు ఎంఎస్ మందుదేనా?

ముందు మీ వంటింటి అరను చూడండి. కోవిడ్ కాలంలో రోగనిరోధక శక్తి కోసమని తిప్పతీగ కషాయం తాగినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. వాటిలో ఆటోఇమ్యూన్ లక్షణాలు కనిపించాయి. ఎంఎస్ అంటేనే రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పడం. దాన్ని అణచడానికి ఒక మందు వేసుకుంటూ, రెచ్చగొట్టేదని పేరున్న కషాయం ఇంకో చేత్తో తాగడం మంచిది కాదు. ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే కాచి ఇస్తారు. అయినా డాక్టర్‌కు చెప్పకుండా తాగొద్దు.

నటాలిజుమాబ్ అనే ఎంఎస్ మందుతో వచ్చే పీఎంఎల్ అనే మెదడు జబ్బును జన్యు పరీక్షతో ముందే పసిగట్టొచ్చా?

ఆ దిశగా పరిశోధన జరుగుతోంది, రోగనిరోధక జన్యువుల్లో కొన్ని అరుదైన తేడాలు పీఎంఎల్ వచ్చినవారిలో ఎక్కువగా కనిపించాయని 2022లో ఒక అధ్యయనం చెప్పింది. దాని ఆధారంగా మందు ఇవ్వాలా వద్దా అని నిర్ణయించే స్థితికి ఇంకా రాలేదు.

పీఎంఎల్ అంటే జేసీ వైరస్ మెదడులో విజృంభించడం. 2004 నవంబరులో అమెరికాలో అనుమతి పొందిన నటాలిజుమాబ్‌ను ఈ జబ్బు బయటపడటంతో 2005 ఫిబ్రవరిలో మార్కెట్ నుంచి తీశారు. గట్టి నిఘా నియమాలతో 2006లో మళ్లీ తెచ్చారు. ఇవాళ ముప్పును లెక్కకట్టేది మూడింటితో: రక్తంలో జేసీ వైరస్ యాంటీబాడీ ఎంత ఉంది, రెండేళ్లకు మించి మందు వాడారా, గతంలో రోగనిరోధక శక్తిని అణచే మందులు (ఇమ్యునోసప్రెసెంట్లు) వాడారా. అజాథయోప్రిన్, మైటోజాంట్రోన్ లాంటివి వాడి ఉంటే మూడో ప్రశ్నకు జవాబు అవును. పాత చీటీలు పారేయొద్దని చెప్పేది ఇందుకే.

మైటోజాంట్రోన్ గురించి?

గుండె కండరం బలహీనపడటం, ల్యుకేమియా దీని పెద్ద ముప్పులు. మందును కణాల్లోంచి బయటికి తోసే ఏబీసీ రవాణా ప్రోటీన్ల జన్యువులకు, డీఎన్‌ఏ మరమ్మతు జన్యువులకు వీటితో సంబంధం ఉండొచ్చని యూరప్ అధ్యయనాలు సూచించాయి. ఇవేవీ రోజువారీ పరీక్షలుగా మారలేదు. జీవితం మొత్తంలో చదరపు మీటరుకు 140 మిల్లీగ్రాములు దాటకూడదు. ప్రతి డోసుకు ముందు ఎకో (గుండె స్కాన్) తీయాలి, మందు ఆపిన తర్వాత కూడా ఏటా చూడాలి.

ఫింగోలిమోడ్, డైమిథైల్ ఫ్యూమరేట్, టెరిఫ్లునోమైడ్, రిటుక్సిమాబ్, ఓక్రెలిజుమాబ్ లకు పరీక్షలున్నాయా?

డాక్టర్ నిర్ణయాన్ని మార్చగల జన్యు పరీక్ష వీటిలో దేనికీ లేదు. వీటి పేరుతో ఎవరైనా పెద్ద ప్యానెల్ అమ్మబోతే ఆ డబ్బు ఎంఆర్‌ఐకి దాచుకోండి. ఫింగోలిమోడ్ సిపోనిమోడ్ కుటుంబానిదే అయినా వేరే ఎంజైము దారిలో విరుగుతుంది కనుక సీవైపీ2సీ9 నియమం దానికి వర్తించదు. రిటుక్సిమాబ్, ఓక్రెలిజుమాబ్ లకు ముందు హెపటైటిస్ బీ పరీక్ష మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు.

మందు వేశాక జబ్బు ఇంకా పెరిగింది. నా జన్యువుల వల్లేనా?

ముందు రోగ నిర్ధారణనే మళ్లీ చూడాలి. మన దేశంలో ఎన్ఎంఓను ఎంఎస్ అనుకోవడం కొత్త కాదు. ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమోడ్, నటాలిజుమాబ్ ఎన్ఎంఓ ఉన్నవారికి మేలు చేయకపోగా ఎటాక్‌లను పెంచుతాయి. రెండు కళ్లూ ఒకేసారి దెబ్బతినడం, వెన్నుపాములో పొడవాటి మచ్చ, ఆగని వెక్కిళ్లు, వాంతులు ఉంటే ఎన్ఎంఓను పట్టించే ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ పరీక్ష చేయించారా అని అడగండి. జన్యు పరీక్ష కంటే ముందు అడగాల్సిన ప్రశ్న అది.

ముఖంలో షాక్ కొట్టినట్టు నొప్పికి కార్బమజెపిన్ రాశారు. భయపడాలా?

భయపడక్కర్లేదు, మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష గురించి అడగాలి. ఎంఎస్‌లో ట్రైజెమినల్ న్యూరాల్జియా అనే ఈ ముఖం నొప్పి మామూలు జనంలో కంటే చాలా ఎక్కువ. కాలు, చెయ్యి ఉన్నట్టుండి బిగుసుకుపోయే ఎటాక్‌లకూ చిన్న డోసులో కార్బమజెపిన్ బాగా పనిచేస్తుంది. నేను దీన్ని చెడ్డ మందు అనను.

అయితే హెచ్‌ఎల్‌ఏ-బీ*15:02 అనే రకం ఉన్న కొందరిలో ఇది స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్‌ను తెస్తుంది. చర్మం కాలినట్టు పొక్కి ఊడిపోతుంది, నోరు, కళ్లు, జననాంగాలు పుండ్లవుతాయి, ప్రాణం పోవచ్చు. ఈ సంబంధాన్ని 2004లో తైవాన్ శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. 2007లో ఎఫ్‌డీఏ, ఆసియా మూలాలవారికి ముందుగా పరీక్ష చేయమని హెచ్చరించింది. భారతీయులతో సహా దక్షిణాసియావారిలో ఈ రకం సగటున 2 నుంచి 4 శాతం మందిలో ఉంటుందని మందు లేబుల్‌లోనే ఉంది.

పరీక్ష నిజంగా ప్రాణాలు కాపాడుతుందా అన్నదానికి తైవాన్ నుంచే జవాబు వచ్చింది. 23 ఆసుపత్రుల్లో 4877 మందికి ముందే పరీక్ష చేసి, ఆ రకం ఉన్నవారికి కార్బమజెపిన్ ఇవ్వలేదు. పాత లెక్కల ప్రకారం సుమారు పది మందికి ఈ చర్మ జబ్బు రావాలి. ఒక్కరికీ రాలేదు. 2011లో ఈ ఫలితం వచ్చింది. జన్యు పరీక్ష వల్ల లాభమేమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పే మొదటి ఉదాహరణ ఇదే.

ఆక్స్‌కార్బజెపిన్‌కూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఫెనిటాయిన్‌కు ఇంకా ఎక్కువ, ఎందుకంటే అది సీవైపీ2సీ9 దారిలోనే విరుగుతుంది. స్టార్ 3 ఉన్నవారిలో పేరుకుని తూలుడు, చూపు రెండుగా కనిపించడం తెస్తుంది. ఆ లక్షణాలు చూసి ఎంఎస్ ఎటాక్ అనుకునే ప్రమాదం ఉంది.

నెలల తరబడి కార్బమజెపిన్ ఏ ఇబ్బందీ లేకుండా వాడుతున్నవారు ఇప్పుడు కంగారుపడి ఆపొద్దు. ఈ ప్రతిచర్య దాదాపు ఎప్పుడూ మొదటి రెండు మూడు నెలల్లోనే వస్తుంది.

కొత్త మందు మొదలుపెట్టాక నోరు పూసింది, కళ్లు మండుతున్నాయి. వేడి చేసిందా?

ఈ ప్రశ్నకు ప్రాణం మీదికి వచ్చే జవాబు ఉంది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మందు వేడి చేసిందని మజ్జిగ తాగి, సబ్జా గింజలు నానేసుకుని రెండు రోజులు చూద్దామనుకోకండి. కార్బమజెపిన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్ మొదలైన తొలి వారాల్లో జ్వరం, గొంతునొప్పి, నోటిపూత, కళ్ల ఎరుపు కలిసి వస్తే అవి చర్మం పొక్కడానికి ముందుండే లక్షణాలు కావచ్చు. తర్వాతి మాత్ర వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఎమర్జెన్సీలో ఫలానా మందు ఫలానా తేదీన మొదలైందని మొదటి మాటగా చెప్పండి. సొంతంగా ఆపొద్దన్న మాటకు ఇదొక్కటే మినహాయింపు.

అజాథయోప్రిన్ వాడుతున్నవారికి నోటిపూత, గొంతునొప్పి, జ్వరం తెల్ల కణాలు పడిపోయిన గుర్తు కావచ్చు. ఇక్కడా అదే రోజు సీబీపీ.

ఎంఎస్‌తో పాటు వచ్చే ఇతర ఇబ్బందులకు వాడే మందుల సంగతి?

మూత్రంలో ఇన్ఫెక్షన్ ఎంఎస్‌లో తరచుగా వస్తుంది. దానికి రాసే నైట్రోఫ్యూరాంటోయిన్, ఎర్ర కణాలను కాపాడే జీ6పీడీ ఎంజైము లోపం ఉన్నవారిలో ఎర్ర కణాలను పగలగొడుతుంది. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారితే వెంటనే చూపించాలి. ఈ లోపం జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కాబట్టి మగవారిలో ఎక్కువగా బయటపడుతుంది. మలేరియా ఎక్కువగా ఉండిన ప్రాంతాల్లో, గిరిజన సమూహాల్లో ఇది ఎక్కువ.

అదే ఇన్ఫెక్షన్‌కు సిప్రోఫ్లాక్సాసిన్ రాస్తే ఇంకొక చిక్కు. కండరాల బిగుతుకు టిజానిడిన్ వాడేవారు దాన్ని సిప్రోతో కలపకూడదు. సిప్రో ఆ మందు విరిగే ఎంజైమును ఆపేస్తుంది, బీపీ పడిపోయి మనిషి మత్తులోకి జారతాడు. ఇది జన్యువుతో పనిలేకుండా ఎవరికైనా జరుగుతుంది. మెడికల్ షాపులో అడిగి సిప్రో కొనే అలవాటు మనకుంది కనుక ప్రత్యేకంగా చెబుతున్నాను.

నరాల మంటకు రాసే అమిట్రిప్టిలిన్ సీవైపీ2సీ19, సీవైపీ2డీ6 అనే ఎంజైముల మీద ఆధారపడుతుంది. మొదటి ఎంజైము సరిగ్గా పనిచేయనివారు దక్షిణాసియాలో చాలామంది. నొప్పికి వాడే 10, 25 మిల్లీగ్రాముల్లో పెద్ద ప్రమాదం రాదు. పొద్దున లేవలేనంత మత్తుగా ఉంటే ఓర్చుకోకుండా చెప్పండి, అది మీ బద్ధకం కాకపోవచ్చు.

అలసటకు మోడాఫినిల్ వాడుతూ సిపోనిమోడ్ మీద ఉన్నవారు, స్టార్ 3 ఒక కాపీ ఉంటే, డాక్టర్‌కు తప్పక గుర్తుచేయాలి. ఆ కలయిక వారికి సిఫారసు చేయరు. అలాగే ఫ్లుకోనజోల్ సిపోనిమోడ్‌ను ఎవరిలోనైనా పేరుకునేలా చేస్తుంది. తామరకు షాపులో కొన్న మాత్రైనా అది మందే.

జన్యు పరీక్ష నార్మల్. ఇక రక్తపరీక్షలు మానేయొచ్చా?

వద్దు. ఎన్‌యూడీటీ15, టీపీఎంటీ రెండూ బాగున్నవారిలో కూడా కణాలు పడిపోతాయి. పరీక్ష చెప్పేది తెలిసిన ముప్పు లేదని మాత్రమే.

పరీక్ష ఎలా చేస్తారు? మళ్లీ మళ్లీ చేయించాలా?

కొద్దిగా రక్తం, లేదా బుగ్గ లోపలి నుంచి దూదితో తీసిన నమూనా చాలు. పరగడుపున ఉండక్కర్లేదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు నడుస్తున్నా ఫలితం మారదు. ఒక జన్యువుకు జీవితంలో ఒక్కసారే. ఎంఎస్‌కు మీ సొంత మూలకణాలతో మార్పిడి చేయించుకున్నా అది మారదు.

రిపోర్టులో "నార్మల్" అనే మాట కాకుండా, ఏ జన్యువులో ఏ తేడాలు వెతికారో రాసి ఉండాలి. రాయకపోతే అడిగి రాయించుకోండి. ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

నాకు ఆపరేషన్ ఉంది. మత్తు డాక్టర్‌కు ఏం చెప్పాలి?

ఎంఎస్ ఉందని, కాళ్లలో బలహీనత ఎంతకాలంగా ఉందో చెప్పండి. మత్తిచ్చేటప్పుడు కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందును, పక్షవాతంలాంటి బలహీనత ఉన్నవారిలో రక్తంలో పొటాషియం ఎగసే ముప్పు వల్ల సాధారణంగా తప్పిస్తారు. తెలుగునాట దీనికి ఇంకో కోణం ఉంది. ఆ మందును విరగ్గొట్టే బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ ఎంజైము లోపం వైశ్య కుటుంబాల్లో ఇతరులతో పోలిస్తే సుమారు వంద రెట్లు ఎక్కువని పరిశోధకులు గుర్తించారు. తరతరాలుగా ఒకే సమూహంలో పెళ్లిళ్లు జరగడం వల్ల ఒక పూర్వీకుడి తేడా అలా నిలిచిపోయింది. లోపం ఉన్నవారు నిమిషాల్లో కోలుకోవాల్సింది గంటల తరబడి ఊపిరి తీసుకోలేక వెంటిలేటర్ మీద ఉండిపోతారు. ఇంట్లో ఎవరైనా ఆపరేషన్ తర్వాత ఆలస్యంగా తేరుకున్నారని విని ఉంటే ఆ మాట తప్పక చెప్పండి.

నాకు తేడా ఉందని తేలింది. మా పిల్లలకు, తోబుట్టువులకు కూడా చేయించాలా?

మందు అవసరం లేనివారికి పరీక్ష తొందరేమీ లేదు. ఎన్‌యూడీటీ15, స్టార్ 3 జబ్బులు కావు, ఆ మందు వేసుకోనంతవరకు వాటితో ఏ ఇబ్బందీ రాదు. పెళ్లి సంబంధాల్లో దాచాల్సినదీ, చెప్పుకోవాల్సినదీ ఏమీ లేదు.

కాకపోతే మీకు స్టార్ 3 రెండు కాపీలుంటే మీ ప్రతి బిడ్డకూ ఒకటి వెళ్లినట్టే. మీ తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ రెండు కాపీలు ఉండే అవకాశం కనీసం నాలుగింట ఒకటి. హెచ్‌ఎల్‌ఏ-బీ*15:02 విషయంలో ఒక్క కాపీ చాలు, అది బిడ్డకు చేరే అవకాశం సగం. కార్బమజెపిన్ ఎంఎస్ మందు కాదు, ఫిట్స్‌కు, మానసిక సమస్యలకు రోజూ రాసే మందు. కాబట్టి మీ రిపోర్టు కాపీ అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు వాట్సాప్‌లో పంపండి. వాళ్లలో ఎవరికైనా, వాళ్ల పిల్లల్లో ఎవరికైనా ఫిట్స్ వస్తే, మందు రాసే డాక్టర్‌కు మొదటి రోజే దాన్ని చూపించమనండి.